సూసాన్ ఊరికి వెళ్లిందా?

పెళ్లిచీర కొనాలంటే ధర్మవరమే వెళ్లాలని మా అక్కయ్య పట్టు. కూతురు తనది, ప్రయాణం నాది! పొద్దున్నే హిందూపురంలో రైలెక్కాను. చేతిలో బి.ఏ. నాటి ఇంగ్లీషు పద్యాల పుస్తకం చూసి, "చీరలకు వెళ్తూ అదెందుకు?" అని మావారు నవ్వారు.

రైలు బెంగళూరు నుంచి వస్తోంది. ఎదురుగా కిటికీ పక్కన ఓ అమ్మాయి. బెంగళూరులో నాలుగిళ్లలో పని చేస్తుందట. తండ్రిది ధర్మవరంలో మగ్గం. గలగలా మాట్లాడుతున్న పిల్ల పెనుకొండ కొండ కనిపించేసరికి ఠక్కున ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొండ వెనక్కి జరిగిపోయేదాకా అలాగే చూసింది. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగర రాజధానే వచ్చి తలదాచుకున్న చోటు అది. ఇప్పుడు ఈ చుట్టుపక్కలవాళ్లు పట్నంలో తలదాచుకుంటున్నారు.

నాకు వర్డ్స్‌వర్త్ సూసాన్ గుర్తొచ్చింది. లండన్ వీధి మూల పంజరంలో పిట్ట పాడుతుంది. పల్లె నుంచి వచ్చిన ఆ పేదపిల్లకు నడిబజారులో కొండ లేస్తుంది, ఏరు పారుతుంది, తన చిన్న ఇల్లు కనిపిస్తుంది. క్షణంలో అన్నీ మాయం. వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద నిలబడి అదే లండన్‌ను చూసి మురిసిపోయిందీ ఈ కవే. కానీ అది ఊరంతా నిద్రపోతున్న వేళ! ఊరు లేచి పనిలో పడ్డాక కనిపించేది సూసానే.

"అంత బెంగైతే ఊళ్లోనే ఉండరాదమ్మా?" అన్నాను, అన్నీ తెలిసినదానిలా.

ఆ పిల్ల నవ్వింది. "ఉండేకి ఇల్లుండాదక్కా. తినేకే లేదు. మా నాయన మగ్గం అప్పుల్లో ఉండాది."

నా నోరు మూతపడింది. 1800లో అచ్చయినప్పుడు ఆ పద్యానికి చివర ఇంకో చరణం ఉండేది. పుట్టింటికి తిరిగి వెళ్లిపొమ్మని సూసాన్‌కు చెప్పే చరణం. తర్వాత కవే దాన్ని తీసేశాడు. కవి కొట్టేసిన ఆ చరణాన్నే నేనిప్పుడు ఈ పిల్లకు అప్పజెప్పాను!

ధర్మవరం అంగట్లో ఎర్రంచు చీర నచ్చింది. అలవాటుగా బేరానికి నోరు తెరిచి, ఆ పిల్ల మొహం గుర్తొచ్చి మూసుకున్నాను. నేను తగ్గించని డబ్బు మగ్గం దాకా చేరుతుందా? నమ్మకం లేదు.

"ఇంత పోశావేమే?" అని సణిగింది అక్కయ్య. కథంతా చెప్పాను. చీర మడత పెడుతూ, "ఇంతకీ ఆ సూసాన్ ఊరికి వెళ్లిందా?" అంది.

జవాబు దొరకలేదు. ధర్మవరం పిల్ల మాత్రం ఈపాటికి బెంగళూరు రైలెక్కే ఉంటుంది.