రికార్డు తిరగేసే లోపల

బీటిల్స్ రికార్డుల్లో ఏది గొప్పదని అడిగితే చాలామంది 1967 నాటి 'సార్జంట్ పెప్పర్స్' పేరు చెబుతారు. నా ఓటు మాత్రం 1969 సెప్టెంబరులో వచ్చిన 'యాబీ రోడ్'కే. 'పెప్పర్స్'లో తెలివి ఎక్కువ; వినేవాణ్ణి ఆశ్చర్యపరచాలన్న తాపత్రయం ప్రతి పాటలోనూ కనబడుతుంది. 'యాబీ రోడ్' నాటికి ఆ నలుగురికీ ఒకరితో ఒకరికి పొసగడం లేదు. వేరుపడబోయే అన్నదమ్ములు ఆఖరి పండక్కి కలిసి వండుకున్నట్టుంటుంది అది. 'లెట్ ఇట్ బీ' 1970లో వెలువడినా, దాని పాటల్లో ఎక్కువ భాగం 1969 జనవరిలోనే రికార్డయ్యాయి గనుక దీన్నే వీడ్కోలుగా లెక్కవేయాలి.

ఎల్‌పీకి రెండు పక్కలు. ఇందులో మొదటి పక్క చివర 'ఐ వాంట్ యూ' ఉంది. ఒకే వరస మళ్లీ మళ్లీ తిరుగుతూ, వెనక గాలి హోరు పెరుగుతూ పోయి, ఏ సూచనా లేకుండా కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. కరెంటు పోయిందేమోననుకుంటాం. లేచి, ముల్లు ఎత్తి, రికార్డు తిరగేసి, మళ్లీ ముల్లు పెడితే 'హియర్ కమ్స్ ద సన్' గిటారు! ఆ మధ్య నిశ్శబ్దం కూడా సంగీతంలో భాగమేనని నా నమ్మకం. సీడీలోనూ ఫోనులోనూ పాటలు అవే, వరసా అదే. కాని రాత్రి గడవకుండానే తెల్లవారినట్టుంటుంది. వరసైనా దక్కాలని అడెల్ కోరితే, 2021లో స్పాటిఫై ఆల్బమ్‌లకు పాటలు కలగాపులగం చేసే బటన్ను ముందునుంచి తప్పించింది. అంతవరకు మేలు.

బ్యాంకువాణ్ణి గనుక ఆ రెండో పక్క మొదటి పాట పుట్టుక నాకు మరీ ఇష్టం. వాళ్ల సొంత కంపెనీ యాపిల్‌లో (కంప్యూటర్లది కాదు) సంతకాలతో, సమావేశాలతో విసిగిన జార్జ్ హారిసన్ ఒకరోజు ఎగ్గొట్టి, ఎరిక్ క్లాప్టన్ ఇంటి తోటలో తిరుగుతూ కట్టాడు దాన్ని. మార్చి నెలాఖరు మీటింగుల్లో నాకు తరచు గుర్తొస్తుంది.

అదే స్టూడియోలో తయారైంది పింక్ ఫ్లాయిడ్ వారి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', 1973లో. దాని రెండో పక్క 'మనీ'తో మొదలు. చిల్లర గలగల, గల్లాపెట్టె చప్పుడు. టేపు ముక్కలు కొలిచి, కోసి, అతికించి చేసిన తాళం. లెక్కపెడితే ఏడు! మిశ్రచాపు తెలిసినవాళ్ల చెయ్యి దానంతట అదే తొడమీద పడుతుంది. మధ్యలో గిటారు ఒంటరిగా విజృంభించేచోట నాలుగుకు మారి, మళ్లీ ఏడుకు వస్తుంది. 1979 నాటి 'ద వాల్' మాత్రం నాకెక్కలేదు. రెండు రికార్డుల నిండా ఒక్కడి మూలుగు. సగానికి కోస్తే బాగుండును.

"తెలుగువాడివి, ఈ గోల నీకెందుకు?" అని మనవాళ్లూ అడుగుతారు, ఇరుగుపొరుగు కన్నడిగులూ అడుగుతారు. తిరువయ్యారులో ఏటా పుష్య బహుళ పంచమినాడు త్యాగయ్య పంచరత్నాలు గొంతెత్తి పాడేవాళ్లలో తెలుగు రానివాళ్లెందరో! మీకు తెలుగెందుకని వాళ్లనెవరూ అడగరు. లివర్‌పూల్ యాసలో సగం మాటలు అంతుపట్టని రోజుల్లో నేను విన్నదీ అలాగే. వరస వంటబట్టాక మాట మెల్లగా వెంటవచ్చింది.

'యాబీ రోడ్' చివర 'ద ఎండ్' అయిపోయాక, కాసేపటికి 23 సెకన్ల బుల్లి పాటొకటి వినిపిస్తుంది: 'హర్ మెజెస్టీ'. దాన్ని పారేయమన్నాడు మెక్‌కార్ట్నీ. ఏదీ పారేయకూడదన్నది స్టూడియో నియమం గనుక, అక్కడి కుర్రాడు టేపు చివర అతికించి ఉంచాడు. (బ్యాంకులో చేరివుంటే పైకొచ్చేవాడు.) విన్నాక మెక్‌కార్ట్నీకే నచ్చి ఉండిపోయింది. మధ్యలోంచి కోసి తీసింది కావడంతో ఆఖరి స్వరం తెగిపోయింది. తొలి ముద్రణల అట్టమీద దాని పేరైనా లేదు.