టాన్‌బాఖ్ వాగుకు అటూ ఇటూ

జర్మనీలో బవేరియా రాష్ట్రం ఈశాన్యపు కొసన హోఫ్ అనే పట్టణం ఉంది. అక్కడి నుంచి ఉత్తరంగా పదిహేను కిలోమీటర్లు వెళ్తే, గోధుమ చేలూ పచ్చిక బీళ్లూ దాటాక, ఒక చిన్న పల్లంలో మోడ్లరొయిట్ కనిపిస్తుంది. పట్టుమని 50 మంది జనం, కొన్ని కొట్టాలు, ఒక చెరువు, మధ్యలో పారే సన్నని వాగు. వాగు పేరు టాన్‌బాఖ్. కాస్త ఊపు తీసుకుని దూకితే అవతలి గట్టున పడొచ్చు. అయితే ఆ గట్టు మీద కాలు పెట్టినవాడు మరో రాష్ట్రంలో ఉంటాడు. ఇటు బవేరియా, అటు థురింగియా. 50 మంది ఉన్న ఊరికి ఇద్దరు మేయర్లు, రెండు జిల్లాలు, రెండు పిన్‌కోడ్లు. ఒకప్పుడైతే ఈ వాగు రెండు దేశాలకే కాదు, ప్రపంచాన్ని పంచుకున్న రెండు కూటములకు కూడా హద్దు. ఊరి మధ్య నిలువెత్తు గోడ లేచింది కూడా అప్పుడే. అమెరికా సైనికులు దీన్ని ‘లిటిల్ బెర్లిన్’ అని పిలిచేవాళ్లు. బయటి ప్రపంచానికి ఈ ఊరు తెలిసింది ఆ పేరుతోనే.

ఈ ప్రాంతాన్ని ఫోగ్ట్‌లాండ్ అంటారు. బవేరియా, థురింగియా, సాక్సొనీ అనే మూడు రాష్ట్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకునే మెరక నేల ఇది. ఆకాశాన్నంటే కొండలు ఉండవు. అలలు అలలుగా లేచి పడే మెట్ట, మధ్య మధ్య స్ప్రూస్ చెట్ల అడవులు. టాన్‌బాఖ్ ఈ పొలాల మధ్య నుంచి పారి సాలె నదిలో కలుస్తుంది. బెర్లిన్ నుంచి మ్యూనిక్ వెళ్లే పెద్ద రహదారి దగ్గర్లోనే ఉన్నా, ఆ రొద ఊరి దాకా రాదు.

వాగును హద్దు చేసింది కమ్యూనిస్టులు కాదు. ఇక్కడ ఒకరి ఏలుబడి ముగిసి మరొకరి ఏలుబడి మొదలవడం శతాబ్దాలుగా ఉన్నదే. నెపోలియన్ కాలంలో, 1810లో బైరొయిట్ సీమ బవేరియా రాజు చేతికొచ్చింది. అప్పుడు వాగు వెంబడి కొత్తగా సరిహద్దు రాళ్లు పాతారు. రాతికి ఒక పక్క కె.బి. అక్షరాలు, అంటే బవేరియా రాజ్యం. రెండో పక్క ఎఫ్.ఆర్., అంటే రొయిస్ సంస్థానం. ఈ రొయిస్ పాలక వంశంలో మగపిల్లలందరికీ హైన్‌రిఖ్ అనే పేరే పెట్టేవాళ్లు. ఒకరినుంచి మరొకరిని గుర్తుపట్టడానికి పేరు వెనక అంకె ఒక్కటే ఆధారం. రాజులు పోయారు, సంస్థానం పోయింది. 1920లో అక్కడి చిన్నచిన్న సీమలు కలిసి థురింగియా రాష్ట్రమయ్యాయి. ఆ రాళ్లు మాత్రం వాగు పక్కన ఇప్పటికీ ఉన్నాయి.

ఆ హద్దుతో ఊరివాళ్లకు వచ్చిన ఇబ్బందేమీ లేదు. బడి, సారాయి దుకాణం థురింగియా గట్టున ఉండేవి. ఆదివారం ప్రార్థనకు బవేరియా వైపున్న టోపెన్ గ్రామంలోని చర్చికి వెళ్లేవాళ్లు. పిల్లలు పొద్దున్నే వాగు దాటి బడికి, పెద్దలు సాయంత్రం వాగు దాటి బీరుకు, అందరూ కలిసి ఆదివారం వాగు దాటి గుడికి. పన్ను ఎవరికి కట్టాలన్న దగ్గర తప్ప ఆ గీత ఎవరికీ గుర్తుండేది కాదు. పిల్లనిచ్చుకోవడం, పొలాలు కౌలుకిచ్చుకోవడం, కోతలప్పుడు ఒకరికొకరు సాయపడటం అన్నీ ఒక్క ఊరిగానే సాగాయి. ఈ ఊరి కథలో నన్ను పట్టి ఆపింది ఇదే. గీత ఉండటం వేరు, గోడ ఉండటం వేరు. గీత ఉన్న ఊళ్లో వందేళ్లకు పైగా జనం సుఖంగా బతికారు.

ముప్పు లండన్‌లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియకముందే, 1944 సెప్టెంబరులో, అమెరికా, బ్రిటన్, సోవియట్ ప్రతినిధులు అక్కడ కూర్చుని జర్మనీని ఎలా పంచుకోవాలో రాసుకున్నారు. కొత్త గీతలు గీసే శ్రమ లేకుండా, పటంలో ఉన్న పాత రాష్ట్రాల, జిల్లాల హద్దులనే వాడుకున్నారు. బవేరియా అమెరికాకు, థురింగియా సోవియట్లకు. ఒక వాగుకు ఇరువైపులా పది పదిహేను కొంపలున్న ఊరు ఆ గీత మీదే ఉందని ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరికైనా తెలిసి ఉంటుందని నేననుకోను. 1945 వసంతంలో అమెరికా సేనలు వచ్చాయి. జులైలో ఒప్పందం ప్రకారం థురింగియా వదిలి వెనక్కి తగ్గాయి, వాళ్ల స్థానంలో సోవియట్ సైనికులు దిగారు. కొన్నాళ్లు వాళ్లు బవేరియా గట్టున కూడా తిష్ఠ వేశారు. 1949లో రెండు జర్మనీలు పుట్టేసరికి వాగు దేశాల సరిహద్దు అయిపోయింది. అయినా చీటీ చూపించి అటూ ఇటూ పోగలిగే వీలు అప్పటికింకా ఉంది.

ఆ వీలు 1952లో పోయింది. ఆ ఏడాది మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు పొడవునా మూడంచెల కట్టడి విధించింది. గీతను ఆనుకుని 10 మీటర్ల వెడల్పున నేలను దున్ని చదును చేసి వదిలేశారు, అడుగు పడితే అచ్చు కనబడాలని. దాని వెనక 500 మీటర్ల పట్టీ, ఆ వెనక 5 కిలోమీటర్ల నిషేధిత మండలం. మోడ్లరొయిట్ తూర్పు సగం అచ్చంగా ఆ 500 మీటర్ల లోపలే పడింది. అక్కడుండేవాళ్ల గుర్తింపు కార్డుల మీద ప్రత్యేక ముద్ర ఉండాలి. చీకటి పడితే బయట తిరగకూడదు. చుట్టం ఇంటికి రావాలన్నా ముందుగా అర్జీ పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. ఆ జూన్‌లోనే, నమ్మదగనివాళ్లని అధికారులు అనుకున్న కుటుంబాలను సరిహద్దు పొడవునా ఉన్న పల్లెల నుంచి లారీల్లో ఎక్కించి దేశం లోపలికి తరలించారు. అలా వేల మంది ఇల్లూ వాకిలీ వదులుకున్నారు. ఆ పనికి అధికారులు తమలో తాము పెట్టుకున్న పేరు ‘క్రిమికీటకాలు’. తరతరాలుగా ఆ నేల దున్నిన రైతుల గురించి వాడిన మాట ఇది. చదివినప్పుడల్లా కడుపు మండిపోతుంది.

మొదట మనిషెత్తు చెక్కల దడి కట్టారు. తర్వాత ముళ్లకంచెలు వచ్చాయి. 1966లో 700 మీటర్ల పొడవున, మూడు మీటర్లకు పైగా ఎత్తున కాంక్రీటు గోడ లేచింది. వాచ్ టవర్లు, రాత్రంతా ఊరిని కడిగేసే దీపాల వెలుగు, గస్తీ కుక్కలు. సరిహద్దును మరీ ఆనుకున్న ఇళ్లు కొన్నింటిని కూల్చేశారు. తూర్పు గట్టువాళ్లు పడమటి గట్టువాళ్లకు చెయ్యి ఊపకూడదు, పలకరించకూడదు. ఇవతలి గట్టు కాస్త మెరక కాబట్టి, అక్కడ నిలబడితే గోడ మీదుగా అవతలివాళ్ల పెరళ్లు కనిపించేవి. అన్న ఇటు, చెల్లెలు అటు. చెల్లెలు బట్టలారేస్తుంటే అన్న చూస్తాడు, చెయ్యెత్తి పలకరిస్తాడు. ఆమె తలెత్తదు, తలెత్తితే ఆమెకే ఆపద. ఇది ఒకటి రెండేళ్లు కాదు, ఒక తరం మొత్తం ఇలా గడిచింది.

గోడ ఉన్నది అసలు హద్దు మీద కాదు. హద్దు వాగు నడుమ ఉంటే, గోడను దానికి కొన్ని మీటర్లు లోపలికి, తూర్పు జర్మనీ నేల మీద కట్టారు. అందువల్ల గోడకూ వాగుకూ మధ్యనున్న గడ్డినేల కూడా తూర్పు జర్మనీదే. పడమటి గట్టు పిల్లవాడి బంతి వాగు దాటి ఆ గడ్డిలో పడిందంటే పరాయి దేశంలో పడినట్టే. 1973 నుంచి పడమటి సరిహద్దు జిల్లాలవాళ్లు తూర్పు జర్మనీకి రోజు ప్రయాణం చేయొచ్చని ఒప్పందం కుదిరింది. అయితే నిషేధిత మండలంలోకి మాత్రం రానివ్వరు. అంటే ఈ గట్టు మోడ్లరొయిట్ మనిషి పెద్ద చెక్‌పోస్టు దాటి, తూర్పు జర్మనీలోని ఊళ్లు చుట్టి రావచ్చు, కానీ తన ఊరి రెండో సగంలో అడుగు పెట్టలేడు.

అదే 1973 మేలో ఒకాయన తన వాహనాన్ని గోడ దాకా తోలుకొచ్చి, నిచ్చెన వేసి, ఇవతలికి దూకి బయటపడ్డాడు. ఈ ఊరి గోడ దాటి తప్పించుకోగలిగింది ఆయన ఒక్కడే. హోఫ్ జిల్లాకు మరోవైపున్న నైలా అనే చిన్న పట్టణం దగ్గర, 1979 సెప్టెంబరులో, సొంతంగా కుట్టుకున్న వేడిగాలి బెలూన్‌లో తూర్పు జర్మనీ నుంచి రెండు కుటుంబాలు పిల్లాపాపలతో సహా వచ్చి దిగాయి. అప్పటికి ఈ సరిహద్దు గాథలు లోకానికి పాకాయి. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ మోడ్లరొయిట్ వచ్చి గోడ చూసి వెళ్లాడు. తర్వాత చాలా ఏళ్లకు, 2015లో జర్మన్ టెలివిజన్‌లో ‘టాన్‌బాఖ్’ అనే ధారావాహిక వచ్చింది. అందులోని కల్పిత గ్రామానికి ఆధారం ఈ ఊరే.

1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఇక్కడ ఆ రోజు ఏమీ కదల్లేదు. మరో నెల ఆగాల్సి వచ్చింది. డిసెంబరు 9న గోడకు దారి చేసి, నడిచి వెళ్లేవాళ్ల కోసం తెరిచారు. 37 ఏళ్ల తర్వాత ఊరు ఊరిని కలుసుకుంది. సరిగ్గా అదే రోజు, పక్కనున్న హోఫ్ పట్టణంలో, రెండు జర్మనీల నుంచి వచ్చిన సుమారు 400 మంది ప్రకృతి ప్రేమికులు సమావేశమయ్యారు. దాదాపు నలభై ఏళ్లు సామాన్యులు కాలు మోపని ఆ సరిహద్దు పట్టీలో అరుదైన పిట్టలు, పూలు, కీటకాలు చేరాయని వాళ్లకు తెలుసు. కై ఫ్రోబెల్ అనే పరిశోధకుడు కుర్రతనం నుంచే పడమటి వైపు నుంచి ఆ పిట్టలను గమనిస్తూ లెక్కరాశాడు. మొత్తం 1,393 కిలోమీటర్ల పట్టీని దున్నకుండా, రోడ్లు వేయకుండా కాపాడాలని ఆ రోజు తీర్మానించారు. దాన్నే ఇప్పుడు ‘హరిత పట్టీ’ అంటారు. మోడ్లరొయిట్ దాని మీదే ఉంది.

1990 జూన్ 17న యంత్రాలు వచ్చి గోడను పడగొట్టాయి. 1953లో ఆ తేదీనే తూర్పు జర్మనీ కార్మికులు తిరగబడ్డారు, సోవియట్ ట్యాంకులు వాళ్లను అణిచేశాయి. పడగొట్టడం మొదలుపెట్టాక అంతా తుడిచెయ్యాలనిపించడం సహజం. ఆ కోపంలో కూడా, సుమారు 100 మీటర్ల గోడను, వాచ్ టవర్‌ను ఉంచాలని పట్టుబట్టినవాళ్లున్నారు. వాళ్లకు చెయ్యెత్తి మొక్కాలి. ఆ ఏడాదే జర్మన్-జర్మన్ మ్యూజియం పనులు మొదలయ్యాయి. ఇప్పుడు బడిపిల్లలు బస్సుల్లో వచ్చి, దున్నిన పట్టీ ఎంత వెడల్పో, కంచె తర్వాత కంచె ఎలా ఉండేదో ఆరుబయట నడిచి చూస్తారు.

ఇక ఊరి పాలన. జర్మనీ ఏకమైనా మోడ్లరొయిట్ ఏకం కాలేదు. అక్కడ మన పంచాయతీ లాంటి అడుగు మెట్టును గెమైండె అంటారు. తన వ్యవహారాలు తాను చూసుకునే హక్కు దానికి దేశ రాజ్యాంగం 28వ అధికరణమే ఇచ్చింది. మోడ్లరొయిట్‌కు సొంత గెమైండె లేదు. పడమటి సగం టోపెన్ గ్రామంలో, హోఫ్ జిల్లాలో భాగం. తూర్పు సగం గెఫెల్ అనే చిన్న పట్టణంలో భాగం. దాని జిల్లా సాలె-ఓర్లా, జిల్లా కేంద్రం ష్లైట్స్. టోపెన్ చిన్నది కాబట్టి, అర్జీలూ లెక్కలూ చూసే కార్యాలయాన్ని పక్క గ్రామాలతో కలిసి ఫైలిట్ష్‌లో ఉమ్మడిగా నడుపుతుంది. రోజువారీ పని ఉమ్మడి సిబ్బందిది, నిర్ణయం ఎవరి కౌన్సిల్‌ది వాళ్లదే. చిన్న పంచాయతీలు బతకడానికి ఇదొక మంచి దారి.

ఓటేసే పద్ధతి కూడా గట్టును బట్టి మారుతుంది. బవేరియాలో కౌన్సిల్ పదవీకాలం 6 ఏళ్లు, థురింగియాలో 5. బవేరియా ఓటరుకు కౌన్సిల్‌లో ఎన్ని సీట్లుంటే అన్ని ఓట్లు. ఒకే అభ్యర్థికి మూడు దాకా వేయొచ్చు, వేర్వేరు పార్టీల జాబితాల్లోంచి ఏరుకుని పంచొచ్చు. వాగు అవతల ఓటరుకు ఉన్నవి మూడే ఓట్లు. ఒకరికే ఇచ్చినా సరే, ముగ్గురికి పంచినా సరే. చదువులు రాష్ట్రాల చేతిలో ఉంటాయి కాబట్టి ఈ గట్టు పిల్లలకూ ఆ గట్టు పిల్లలకూ పాఠాలు వేరు, సెలవులు వేరు. సెప్టెంబరు 20 బాలల దినం, అక్టోబరు 31 మత సంస్కరణ దినం థురింగియాలో సెలవు. జనవరి 6, నవంబరు 1 బవేరియాలో సెలవు. చెత్త ఎత్తడం జిల్లా పని, కనుక ఆ ఏర్పాట్లూ రెండు. ఈ పక్క పిన్‌కోడ్ 95183, ఆ పక్క 07926. కారు నంబరు హెచ్.ఓ. అని మొదలైతే ఈ గట్టుది, ఎస్.ఓ.కె. అయితే ఆ గట్టుది. పలకరింపు కూడా ఇటు ‘గ్రూస్ గోట్’, అటు ‘గూటెన్ టాగ్’.

రెండు సగాలనూ కలిపి ఒక రాష్ట్రంలో వేయడానికి చట్టం అడ్డు కాదు. 50 వేల మంది లోపు జనమున్న ప్రాంతాన్ని ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మార్చాలంటే, రెండు రాష్ట్రాలూ ఒప్పందం రాసుకుంటే చాలునని రాజ్యాంగం 29వ అధికరణం చెబుతోంది. మోడ్లరొయిట్ జనం అందులో వెయ్యో వంతు. అయినా అలా చెయ్యలేదు. నా మట్టుకు అది సబబే. 1810 నాటి రాళ్లు మొదట చేసిన పని పన్నులు ఎవరివో చెప్పడం. మళ్లీ ఆ పనికే అవి తిరిగొచ్చాయి. ఉమ్మడిగా చెయ్యాల్సింది వచ్చినప్పుడు ఉమ్మడిగానే చేస్తున్నారు. మ్యూజియాన్ని నడిపే సంఘంలో టోపెన్, గెఫెల్ రెండూ ఉన్నాయి. వాటితో పాటు బవేరియాలోని హోఫ్, థురింగియాలోని సాలె-ఓర్లా, సాక్సొనీలోని ఫోగ్ట్‌లాండ్ జిల్లాలూ ఉన్నాయి. మూడు రాష్ట్రాల మనుషులు ఒకే బల్ల దగ్గర కూర్చుని దాని ఖర్చు పద్దులు చూస్తారు.