సంతకం ఎవరిది?

పోయిన నెల మా పాపకి హెచ్‌పీవీ టీకా వేయించాను. డాక్టరు నా చిన్ననాటి స్నేహితురాలే. అయినా ఓపిగ్గా అంతా చెప్పింది. జ్వరం రావచ్చు, చెయ్యి నొప్పి పుట్టచ్చు, టీకా వేసుకున్నా పెద్దయ్యాక పరీక్షలు మానకూడదు అని. "నీకేమైనా అనుమానాలున్నాయా?" అని పాపని కూడా అడిగింది. ఆ తర్వాతే నేను సంతకం పెట్టాను.

మా పెద్దమ్మ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది. మన దేశంలో ఏటా 70 వేలమందికి పైగా స్త్రీలు దానితో చనిపోతున్నారు. ఈ టీకా విలువ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ పెన్ను పట్టుకోగానే భద్రాచలం గుర్తొచ్చింది. 2009లో అమెరికా సంస్థ పాత్, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేలమందికి హెచ్‌పీవీ టీకా వేయించాయి. వారిలో ఆశ్రమ పాఠశాలల గిరిజన పిల్లలు ఎందరో. 2010 మార్చిలో 'సమ' సంస్థ స్త్రీలు భద్రాచలం వెళ్లి ఆ పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ప్రాజెక్టు కాలంలో జరిగిన బాలికల మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ సంఘం అభిప్రాయపడింది. అయితే అంగీకారం తీసుకున్న పద్ధతి మాత్రం సరిగా లేదని తేలింది. 2013 నాటి పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవే. మరో 1,948 వేలిముద్రలు.

స్త్రీల ఆత్మకథల్లో 'నేను' అంటున్నదెవరో వెతకడం నా చదువు. అంగీకార పత్రం కూడా 'నేను' అనే మాటతోనే నడుస్తుంది. ఇక్కడ ఆ 'నేను' అమ్మా కాదు, పిల్లా కాదు.

ఈ మాటే నా స్నేహితురాలితో అన్నాను.

"ఊరూరా తిరిగి ఒక్కో తల్లికీ చెప్పాలంటే ఎన్నేళ్లు పడుతుందే? ఈలోగా రోగం ఆగుతుందా? అక్కడ పనిచేసినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు," అంది.

"మరి నాకెందుకు ఇంతసేపు చెప్పావు?"

కాసేపు మాట్లాడలేదు. "నువ్వు అడుగుతావని తెలుసు కాబట్టి," అంది చివరికి.

ఆమె నిజాయితీకి కోపం రాలేదు, భయమేసింది. మంచి టీకా కూడా అడగగలిగినవాళ్లకి ఒకలా, అడగలేనివాళ్లకి ఇంకోలా అందుతుందన్నమాట. హాస్టల్లో ఉన్న కోయపిల్ల తల్లికి కూడా ఆ పదిహేను నిమిషాలూ దక్కాలి. అది దక్కకపోతే, రేపు అదే టీకా తీసుకుని గుమ్మంలోకి వచ్చిన నర్సుని ఆమె నమ్మకపోవచ్చు. అప్పుడు ఆమెని అజ్ఞాని అంటే నేను ఒప్పుకోలేను.