బండి చెప్పిన మాట

మా బండి పొద్దున్నే ఎన్నిసార్లు దగ్గితే కదులుతుందో మా వీధిలో అందరికీ తెలుసు. మూడోసారికీ కదలకపోతే ఎదురింటి మాష్టారు పేపరు మడిచి, పంచె ఎగగట్టి, తోయడానికి తనంత తానే వచ్చేస్తారు. అంత మంచి ఇరుగుపొరుగు దొరకడం ఆ బండి చేసుకున్న పుణ్యం. నాది మాత్రం కాదు.

మాది కడియం దగ్గర చిన్న మొక్కల నర్సరీ. పెద్ద నర్సరీలవారికి లారీలున్నాయి. నావంటివాడికి చిన్న ట్రక్కే గతి. 2005లో టాటా ఏస్ వచ్చింది మొదలు ఈ తరహా బుల్లి బండ్లు సందుగొందుల్లోకి కూడా సరుకు మోస్తున్నాయి. నాది ఏ కంపెనీదో చెప్పను. నా చేతికి వచ్చేటప్పటికే అది ఇద్దరు యజమానులను చూసింది. మనుమలను ఎత్తుకునే వయస్సులో కీళ్ళు పట్టేశాయని కన్నవారిని ఆడిపోసుకోవడం న్యాయం కాదు గదా!

కొన్న కొత్తలో దాని భాష నాకు బోధపడేది కాదు. మేస్త్రి నేర్పాడు. షెడ్డులో బండి ఆగీ ఆగకముందే ఆయన వెనక్కి వెళ్ళి పొగ చూస్తాడు, వైద్యుడు నాలుక చూసినట్టు. నల్లటి పొగ వస్తే డీజిలు సరిగ్గా కాలడం లేదన్నమాట. ముందు ఎయిర్ ఫిల్టరు విప్పి చూడాలి, ఆ తరవాతే ఇంజెక్టరు జోలికి పోవాలి. నీలి పొగ అయితే ఆయిలు కాలుతోంది; రింగులో, వాల్వు సీళ్ళో అరిగి ఉంటాయి, కాస్త డబ్బు సిద్ధం చేసుకోవాలి. ఇంజను బాగా వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకపోతే, నీళ్ళు వెళ్ళకూడని చోటికి వెళుతున్నాయేమోనని అనుమానించాలి.

పొద్దుటి దగ్గుకు ఇంజను విప్పుతాడేమోనని నేను బెదిరిపోతే, ఆయన బ్యాటరీ కొనల మీద పట్టిన తెల్లటి బూజు చూపించి నవ్వాడు. వేడినీళ్ళతో కడిగించి, బిగించి, పైన వాజలైన్ రాయించాడు. సగం దగ్గు తగ్గింది. మిగతా సగం వయస్సుది.

క్లచ్చి ప్లేటు అరిగినప్పుడు ఇంజను గావుకేకలు పెడుతుంది. బండి మాత్రం జోరందుకోదు. "మీ వరసే" అంది మా ఆవిడ. బ్రేకు పెడలు దూదిలాగా మెత్తగా దిగిపోతే గొట్టాల్లో గాలి చేరిందని అర్థం. "ఎక్కడైనా బేరమాడండి గాని, బ్రేకు దగ్గర మాత్రం వద్దండి" అంటాడు మేస్త్రి.

ఇన్ని నేర్చుకున్నవాణ్ణి ఒక్క విషయంలో చెవిటివాణ్ణయ్యాను. అది చెప్పడానికే ఈ రాత.

2019 వేసవి. రేడియేటరులో రోజూ నీళ్ళు తగ్గుతున్నాయి. కింది గొట్టం ఉబ్బి మెత్తబడిందనీ, అది మార్చి, కూలెంటు పోయించమనీ మేస్త్రి రెండుసార్లు చెప్పాడు. సీజను పోయాక చూద్దామన్నాను. రోజూ ఒక సీసాడు కాలువ నీళ్ళు పోసి పని గడుపుకుంటున్నాను.

"నీళ్ళు ఎటు పోతున్నాయో చూడాలి గాని, పోస్తూ కూర్చుంటే ఎలాగండీ?" అన్నాడాయన.

"గోదావరి పక్కన ఉండి నీళ్ళకు కరువా మేస్త్రీ?" అన్నాను. పెద్ద చమత్కారం చేశాననుకున్నాను కూడా.

ఆ మే నెలలోనే తునికి మొక్కల లోడు పడింది. అన్నవరం దాటాక ముల్లు ఎర్రగీతకు ఎక్కింది. బండిలో ఊపు తగ్గింది. మరికాస్త దూరం పోయేసరికి ముందునుంచి ఆవిరి బుసకొట్టింది. పక్కకు తీసి ఆపాను. చెట్టు నీడైనా లేదు. వెనక మల్లెలు, నందివర్ధనాలు నా కళ్ళ ముందే తలలు వాలుస్తున్నాయి.

నాతో సాయానికి వచ్చే కుర్రాడికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు.

"మూత తియ్యరా, నీళ్ళు పోద్దాం" అన్నాను.

"కాలుతుందేమో బాబూ..."

"గుడ్డ వేసి తియ్యి. మొక్కలు మాడిపోతున్నాయి."

తీశాడు. తరవాత నాకు బాగా జ్ఞాపకమున్నది వాడి కేక. మొక్కల కోసం తెచ్చుకున్న నీళ్ళ డబ్బాలన్నీ వాడి చేతిమీద పోశాను. ఒక ఆటోవాడు పుణ్యం కట్టుకుని ఆసుపత్రికి చేర్చాడు. ముంజేయి నుంచి మోచేతి దాకా కాలింది.

బండిని తాడు కట్టి లాగించుకొచ్చాక మేస్త్రి నన్ను ఒక్క మాట అనలేదు. ఆయిలు పుల్ల తీసి చూపించాడు. నల్లగా ఉండవలసిన ఆయిలు పాలు పోసిన కాఫీలాగా ఉంది. హెడ్ గాస్కెట్టు పోయి నీళ్ళు ఆయిలులో కలిశాయి. హెడ్డు వేడికి వంగింది. లేతు మీద చదును చేయించి బిగించాలి. గొట్టానికి పెట్టనన్న డబ్బుకు ఎన్నో రెట్లు పెట్టాను.

"రేడియేటరు మూత వట్టి మూత కాదండీ" అని అప్పుడు చెప్పాడు. మామూలుగా నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచడంవల్ల నూరు దాటినా మరగకుండా ఉంటాయి. వేడిమీద మూత తీస్తే ఒత్తిడి పోయి, ఆ నీళ్ళు ఒక్క క్షణంలో ఆవిరై మీదికి ఎగదన్నుతాయి. గుడ్డ ఏమి ఆపుతుంది? ఇంజను ఆపి, చేయి పెడితే చల్లగా తగిలేదాకా కూర్చోవలసిందే. మొక్కలు పోతే పోనీ. నా కాలువ నీళ్ళు లోపల తుప్పునీ, పాచునీ పేర్చి దారులు మూసేశాయని కూడా చూపించాడు.

చేయి మానింది. మచ్చ మిగిలింది. వైద్యం ఖర్చు నేనే పెట్టుకున్నాను. అది పెద్ద ఔదార్యమేమీ కాదు. డ్రైవింగు లైసెన్సు తీసుకుని ఇప్పుడు ఆ బండి వాడే నడుపుతున్నాడు. అమ్మేసి కొత్తది కొనమని సలహా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాడు మాత్రం, "దీని సంగతి మనకు తెలుసు కదండీ" అంటాడు.

తప్పు నాదేనని వాడితో నోరు విప్పి ఇంతవరకు అనలేకపోయాను. కాని ప్రతిరోజూ పొద్దున్నే, బండి మొదటి దగ్గు దగ్గకముందే, రేడియేటరు మూత తీసి చూసేది నేనే.

"రాత్రంతా ఊరికే ఉన్న బండి, చల్లగానే ఉంటుంది కదండీ. నేను చూస్తాను" అంటాడు వాడు నవ్వుతూ.

"ఉండనీ. నువ్వు కాస్త ఎడంగా నిలబడు" అంటాను.