సంతకం లేని గంటలు

మా పిన్ని కొడుకు ఏం పని చేస్తాడని చుట్టాలు అడిగితే చెప్పడం కొంచెం కష్టమే. ‘రోప్ యాక్సెస్ టెక్నీషియన్’ అంటే ఎవరికీ అర్థం కాదు. ‘తాడుకి వేలాడుతూ రంగులేస్తాడు’ అంటే అయ్యో పాపం అంటారు. రిఫైనరీ చిమ్నీలూ, సముద్రంలో చమురు ప్లాట్‌ఫారాలూ, అద్దాల మేడలూ... పరంజా కట్టడం కుదరని చోట ఇలాంటివాళ్లే దిగాలి. ఒంటికి రెండు తాళ్లు. ఒకదాని మీద పని, అది తెగితే కాపాడటానికి రెండోది.

మొన్న సంక్రాంతికి గాజువాక వెళ్లినప్పుడు బీరువాలోంచి ఓ చిన్న పుస్తకం తీశాడు. పాస్‌పోర్టు కన్నా భద్రంగా, రెండు ప్లాస్టిక్ కవర్లలో. లాగ్‌బుక్! తేదీ, కంపెనీ, ఏం పని, ఎక్కడ, ఎంత ఎత్తు, తాళ్ల మీద ఎన్ని గంటలు, చివరి గడిలో సూపర్‌వైజర్ సంతకం.

బ్రిటన్‌లో 1980ల చివర్లో పుట్టిన ‘ఇరాటా’ అనే సంఘం పద్ధతి ఇది. మొత్తం మూడు లెవెల్స్. ఒకటి నుంచి రెండుకి వెళ్లాలంటే కనీసం ఏడాది అనుభవం, 1,000 గంటల పని ఉండాలి. రెండు నుంచి మూడుకి మళ్లీ అంతే. డ్యూటీ 12 గంటలైందని 12 రాసుకోవడం కుదరదు. భోజనం, గాలి తగ్గేదాకా ఎదురుచూపు... ఇవేవీ లెక్కలోకి రావు. రోజుకి ఐదు గంటలు మిగిలినా 200 పనిదినాలన్నమాట.

మావాడి పుస్తకంలో రెండు పేజీల్లో సంతకం గడి ఖాళీ. మొత్తం 180 గంటలు. ‘పనయ్యాక అన్నీ ఒకేసారి పెడతాలే’ అన్న సూపర్‌వైజర్ పని కాగానే వేరే దేశం వెళ్లిపోయాడట. తర్వాత ఫోన్ ఎత్తలేదు. కాంట్రాక్టర్ పట్టించుకోలేదు. ఈలోగా లెవెల్ 2 కావాలన్న గల్ఫ్ ఉద్యోగం కాస్తా చెయ్యిజారింది.

‘‘పని చేశావు కదరా, ఎవరిచేతన్నా గీయించెయ్’’ అన్నాడు బాబాయి.

‘‘చెయ్యనోడు కూడా అలాగే గీయించుకుంటాడు నాన్నా. రేపు ఆడే లెవెల్ త్రీ అవుతాడు. తాడు మీద నేను స్పృహ తప్పితే దించాల్సింది ఆడే’’ అన్నాడు వాడు.

బాబాయి మళ్లీ మాట్లాడలేదు. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుందట. ఫైరింజన్ వచ్చేదాకా ఆగడానికి లేదు, పక్కనున్నవాడే దించాలి. అప్పుడు కావలసింది పుస్తకంలో రాసిన గంటలు కాదు, నిజంగా చేసిన గంటలు.

ఆ రెండు పేజీలూ ఇంకా అలాగే ఉన్నాయి, కొట్టెయ్యలేదు. ఇప్పుడు మాత్రం ఏ రోజు సంతకం ఆ రోజే. కిందికి దిగి హెల్మెట్ తియ్యకముందే సూపర్‌వైజర్ ముందు పుస్తకం తెరుస్తాడు. అన్నట్టు, పైనుంచి ఏదీ కింద పడకూడదని వీళ్లు సుత్తికీ, రెంచికీ కూడా తాళ్లు కట్టుకుంటారు. మావాడు పెన్నుకీ ఒకటి కట్టాడు.