మట్టికి కట్టు

సెల్లార్ తవ్వకాల్లో వాడే ఉక్కు గురించి రాసుకురమ్మని ఎడిటర్ పంపారు. తిరుపతి బైరాగిపట్టెడలోని సైటంతా తిప్పి చూపిస్తానన్నాడు సూపర్‌వైజర్. నేను మాత్రం వెల్డరు దగ్గరే కూర్చుండిపోయాను.

గొయ్యి 25 అడుగుల లోతు. అంచుకు నాలుగు మూరల దూరంలో పక్కింటి వంటగది, కుక్కరు కూత కిందిదాకా వినబడుతోంది. కొండవార నేల కదా, తవ్వేకొద్దీ గుండ్లు. షీట్ పైళ్లు అనే ఉక్కు పలకలు కొడితే వాటికి తగిలి వంగిపోతాయని, బోర్లు వేసి ఐ బీములు దించారు. వాటి మధ్య చెక్కలు, ముందు అడ్డంగా వేలరు బీము, ఈ గోడకూ ఆ గోడకూ ఊతంగా స్ట్రట్లు.

స్ట్రట్టు వచ్చి వేలరును నొక్కే చోట, బీము పొట్టలో జానెడు ప్లేటు పెట్టి అతుకుతున్నాడాయన. అరవై దాటిన మనిషి, ఊరు పుత్తూరు. సుత్తితో చిట్టెం రాలగొట్టి, అతుకు చల్లారాక బొటనవేలి గోరుతో దాని వెంబడి గీసుకుంటూ పోయాడు. ఒకచోట గోరు ఆగింది. గ్రైండరు అందుకుని అక్కడంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాడు.

“ఏందన్నా, ఇంత చిన్న ముక్కకి ఇంత పనా?”

“ఇది లేకుంటే బీము పొట్ట నలిగిపోతాది సార్. మా ఊర్లో ఇరిగిన చేతికి కట్టు కడతారు కదా. దబ్బలు ఎంత గట్టివైనా కట్టు వదులైతే ఏం లాభం?”

ఆయన బాధ వేరే ఉంది. “ఓనర్లు ఎన్ని టన్నులని అడుగుతారు సార్. ఎంత పొడవని ఒక్కరూ అడగరు.”

నిజమే. పొడుగాటి బీమును చివరల నుంచి నొక్కితే నలగదు, పక్కకు వంగుతుంది. ఆసరా లేని పొడవు రెట్టింపైతే అది మోసే బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఇక్కడ 40 అడుగుల స్ట్రట్లకు నడుమ నిట్రాడులా ఒక కంబం నిలబెట్టారు. పొడవొక్కటే కాదు, కలిసే చోటూ ముఖ్యమే. 2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో నికోల్ హైవే పక్క మెట్రో తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. అక్కడ ఉక్కుకేం కొదవ లేదు. స్ట్రట్టూ వేలరూ కలిసే చోటే తట్టుకోలేకపోయింది. ఈయన గోరుతో తడుముతున్నదీ ఆ చోటునే.

1.5 మీటర్లు దాటిన కందకానికి ఆసరా కట్టాలని మన ఐఎస్ 3764 చెబుతోంది. అయినా చాలా చోట్ల భవనం డిజైన్ చేసే ఇంజినీరు ఈ ఇనుమంతా ‘టెంపరరీ’ అని కాంట్రాక్టరుకు వదిలేస్తాడు, కాంట్రాక్టరు పాత ఇనుము అంగట్లో దొరికింది తెస్తాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అన్ని నెలలూ పక్కింటి పిల్లలు నిద్రపోయేది ఆ టెంపరరీని నమ్ముకునే కదా! ఇక నీటి సంగతి. 2021 నవంబరు వానలకు ఈ ఊరి శ్రీకృష్ణనగర్‌లో, శుభ్రం చేస్తుండగానే సిమెంటు వరల సంపు నేలలోంచి పైకి లేచింది. భూమిలో ఊరిన నీటి బలం కళ్లారా చూసిన ఊరిది. ఇక్కడ నీటిమట్టం కొలవకుండా గునపం దించడానికి చేతులెలా వస్తాయి?

బయల్దేరుతుంటే ఆయన తలెత్తాడు.

“రేపు రాండి సార్, బిగించేది చూద్దురు. జాకీతో నెట్టినాకనే ప్లేట్లు దోపుతాం. ఊరికే తగిలించి పెడితే, మట్టి కదిలేదాకా అది పని మొదలుపెట్టదు.”