ఆదివారం ప్రేమ, రెండేళ్ల కాంట్రాక్టు

2019 జూలై చివర మనీలా థియేటర్లలోకి వచ్చిన ‘హలో, లవ్, గుడ్‌బై’ అనే చిత్రం, హాంకాంగ్‌లో పరాయి ఇంట పనికి కుదిరిన జాయ్ అనే యువతికీ, అదే నగరంలో బార్‌టెండర్‌గా పనిచేసే ఈథన్ అనే యువకుడికీ మధ్య సాగిన ప్రేమకథ. కేథీ గార్సియా-మొలీనా దర్శకత్వంలో క్యాథ్రిన్ బెర్నార్డో, ఆల్డెన్ రిచర్డ్స్ నటించిన ఈ చిత్రం అప్పటివరకు ఫిలిప్పీన్స్ సినిమా చూసిన వసూళ్లన్నింటినీ దాటేసింది. కథగా చెప్పుకుంటే పెద్ద కొత్తదనం లేదు: నర్సింగ్ చదివీ ఇంటిపనికి వచ్చిన అమ్మాయి ఎలాగైనా కెనడా చేరాలనుకుంటుంది, హాంకాంగ్‌లోనే స్థిరపడాలని చూస్తున్న అబ్బాయి ఆమెను ఉండిపొమ్మంటాడు, చివరకు ఆమె వెళ్లిపోతుంది. అయినా పరాయి దేశంలో వీసా గడువులు లెక్కపెట్టుకుంటూ బతికేవారెవరైనా ఈ కథను తేలికగా తీసుకోలేరు; ఈ జంట ఎప్పుడు కలవాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎంతకాలం కలిసి ఉండాలో నిర్ణయించేది కార్మిక చట్టమే గనుక.

ఆ చట్టం సంగతి కొంత చెప్పుకోవాలి. ఇంటిపని కోసం, పిల్లల, వృద్ధుల సంరక్షణ కోసం ప్రత్యేక వీసాపై వచ్చేవారిని హాంకాంగ్ ప్రభుత్వం ‘విదేశీ గృహ సహాయకులు’ అంటుంది. 2019 నాటికి వీరు దాదాపు 4 లక్షల మంది, అందులో సగానికి పైగా ఫిలిప్పీన్స్ వారే. ఒప్పందం రెండేళ్లకు రాసుకుంటారు. యజమాని ఇంట్లోనే ఉండాలన్న నిబంధన 2003 నుంచి అమల్లో ఉంది, వేరే చోట అదనపు పని చేయడం నేరం, ఒప్పందం ముగిసినా మధ్యలో తెగిపోయినా మామూలుగా రెండు వారాల్లో నగరం విడిచి వెళ్లాలన్న నియమం 1987 నాటిది. ఇతర వీసాలపై వచ్చిన చాలామంది ఏడేళ్లు ఉంటే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు గానీ గృహ సహాయకులు ఎన్నేళ్లున్నా ఆ లెక్కలోకి రారు. 1986 నుంచి అక్కడ పనిచేసిన ఒక ఫిలిప్పీన్స్ మహిళ దీన్ని సవాలు చేస్తే, 2013లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆమె వాదనను తోసిపుచ్చింది. ఈథన్‌కు హాంకాంగ్‌లో భవిష్యత్తు కనిపించడానికీ, అదే హాంకాంగ్ జాయ్‌కి ప్లాట్‌ఫారంలా అనిపించడానికీ మూలం ఇద్దరి స్వభావాల్లో వెతకనక్కర్లేదు, వీసా కాగితాల్లోనే ఉంది.

జాయ్‌కి తనదంటూ ఒక గది లేదు. వారానికి ఒక రోజు సెలవు మాత్రం చట్టం ఇచ్చిన హక్కు, అది చాలామందికి ఆదివారం. ఆ రోజు హాంకాంగ్ వ్యాపార కేంద్రమైన సెంట్రల్‌లో చేటర్ రోడ్డుపై వాహనాలు ఆపేస్తారు. పెద్ద బ్యాంకు భవనం కింద ఖాళీ జాగాలోనూ, పాదచారుల వంతెనల మీదా వేలమంది స్త్రీలు అట్టముక్కలు పరచుకుని, అట్టపెట్టెలనే నడుమెత్తు గోడల్లా నిలబెట్టుకుని కూర్చుంటారు. డబ్బాల్లో తెచ్చిన అన్నం, కూర పంచుకుంటారు, ఒకరి గోళ్లకు ఒకరు రంగు వేసుకుంటారు, ఫోన్‌లో పిల్లల హోంవర్క్ చూస్తారు. పక్కనే కొందరు ‘బాలిక్‌బయాన్ పెట్టె’ సర్దుతుంటారు. ప్రవాస కార్మికులు స్వదేశానికి ఓడలో పంపే ఈ పెద్ద అట్టపెట్టెకు రవాణా ధర సాధారణంగా బరువును బట్టి కాక పెట్టె సైజును బట్టి ఉంటుంది కాబట్టి, సబ్బులు, మాంసం టిన్నులు, చాక్లెట్లు, బూట్ల లోపల కుక్కిన సాక్సులు, ఏ మూలా ఖాళీ లేకుండా నింపి చుట్టూ టేపు బిగిస్తారు. ప్రేమికులకు దొరికే ఏకాంతం కూడా ఈ జనం మధ్యే దొరకాలి. చిత్రంలో ప్రేమ ఎక్కువగా వీధుల్లో, మెట్ల మీద, పని దొంగిలించిన గంటల మధ్య మిగిలిన కాసేపటిలో నడవడాన్ని దర్శకురాలి శైలిగా మాత్రమే చూస్తే అసలు కారణం కనబడదు.

వలస కార్మికులను ఫిలిప్పీన్స్‌లో ఓఎఫ్‌డబ్ల్యూలు అంటారు, అంటే విదేశాల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ కార్మికులు. ఫెర్డినాండ్ మార్కోస్ పాలనలో 1974 కార్మిక స్మృతితో ప్రభుత్వమే మనుషులను విదేశీ పనులకు పంపే విధానం మొదలైంది; 1988లో అధ్యక్షురాలు కొరజోన్ అకీనో హాంకాంగ్‌లోని ఇంటిపని మహిళల ముందు నిలబడి వారిని దేశపు కొత్త వీరులని పొగిడారు. 2024లో విదేశాల్లోని ఫిలిప్పీన్స్ వారు బ్యాంకుల ద్వారా పంపిన నగదు 3,400 కోట్ల డాలర్లు దాటింది. ఫిలిప్పీన్స్ సినిమా కూడా ఈ బాటలోనే నడిచింది: 2000 నాటి ‘అనాక్’ తల్లి లేని ఇంట్లో పెరిగిన పిల్లల కోపాన్ని చూపితే, 2004 నాటి ‘మిలాన్’ ఇటలీ చేరిన జంటను చూపింది. ‘హలో, లవ్, గుడ్‌బై’ వీటికి చేర్చినది జాయ్ తల్లి పాత్ర. కూతురి కంటే ముందే హాంకాంగ్ వచ్చి, అక్కడి మనిషిని పెళ్లాడి నిలిచిపోయిన ఆ తల్లి సంసారాన్ని చూసిన అమ్మాయికి, ఉండిపొమ్మన్న ప్రియుడి మాటలో ప్రేమతోపాటు ఇంకేం వినిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. కెనడా మీద ఆమెకున్న ఆశ గుడ్డిది కూడా కాదు. ఇంట్లో పిల్లలను, వృద్ధులను చూసుకునే పనికి వచ్చినవారు శాశ్వత నివాసం పొందే దారులు ఆ దేశంలో అప్పటికే చాలాకాలంగా ఉన్నాయి.

చిత్రానికి లోపాలూ ఉన్నాయి. నవ్వులు పండించే స్నేహితురాళ్ల ముఠా కష్టాన్ని అప్పుడప్పుడు మరీ తియ్యగా మార్చేస్తుంది. కాల్గరీ నేపథ్యంగా 2024లో వచ్చిన ‘హలో, లవ్, అగైన్’ వంద కోట్ల పెసోల వసూళ్లు దాటిన తొలి ఫిలిప్పీన్స్ చిత్రమైంది గానీ, మొదటి చిత్రం ముగింపులో ఉన్న ధైర్యాన్ని రెండో భాగం కొంత వెనక్కి తీసుకున్నదనే అనిపిస్తుంది.

తెలుగు సినిమాకూ విదేశం కొత్త కాదు. జంధ్యాల తీసిన ‘పడమటి సంధ్యారాగం’ 1987లోనే అమెరికాలో ప్రేమకథ నడిపింది, కానీ అక్కడ అడ్డు తండ్రి పట్టింపు. శేఖర్ కమ్ముల ‘డాలర్ డ్రీమ్స్’ వెళ్లాలా వద్దా అన్న తర్జనభర్జనను పట్టుకుంది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో దారి చూసుకోవలసిన హెచ్-1బి ఇంజనీర్లు, పని అనుమతి లేక ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న వారి భార్యలు తెలుగువారిలో ఇంతమంది ఉన్నా, వీసాయే మలుపు తిప్పే ప్రేమకథలు మన తెరపై అరుదు. జాయ్‌కి అసలైన తెలుగు తోబుట్టువులు అమెరికాలో లేరు, కువైట్‌లో ఉన్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆ స్త్రీల ఆకామా, అంటే నివాస అనుమతి, కఫీల్ అనే యజమాని చేతిలో ఉంటుంది. 2015 నాటి కువైట్ చట్టం వారపు సెలవు ఇచ్చినా, ఆ రోజు గడప దాటగలగడం చాలాసార్లు ఇంటివారి దయే. పి. సునీల్ కుమార్ రెడ్డి 2017లో తీసిన ‘గల్ఫ్’ ఎడారి దేశాల్లోని తెలుగు కార్మికుల మధ్య ప్రేమను చూపే ప్రయత్నం చేసింది, అయితే అందులో పేరున్న తారలు లేరు.

మనీలాలో అగ్రతార పనిమనిషి వేషం వేయడానికి నిర్మాతల దయాగుణం ఒక్కటే కారణమని ఎవరూ అనుకోరు. హాంకాంగ్‌లో, దుబాయ్‌లో టికెట్ కొనేది ఆ పనివాళ్లే, ఊళ్లో కొనేది వాళ్లు పంపిన డబ్బుతో బతికే కుటుంబాలే. 1994 నుంచి విదేశాల్లోని ఫిలిప్పీన్స్ వారికోసమే నడుస్తున్న టీవీ ఛానల్ కూడా ఉంది. తెలుగు సినిమా వ్యాపారంలో ఓవర్సీస్ అంటే ముందుగా గుర్తొచ్చేది అమెరికా ప్రీమియర్ షోలు, అక్కడ డాలర్లలో లెక్క తేలే వసూళ్లు. ఆకామా యజమాని దగ్గర పెట్టి, సెలవు రోజైన శుక్రవారం కూడా వంటింట్లోనే గడిపే రాయచోటి మహిళ ఆ లెక్కలో టికెట్ కొనే ప్రేక్షకురాలు కాదు, కాబట్టి కథానాయిక కూడా కాలేదు.